మా ఇంటి మూడు ట్రాక్టర్లు: కారటగి నుంచి యానాం దాకా

పోయినసారి తాతయ్య యానాం వదిలి తుంగభద్ర కాలువ కిందికి వచ్చిన కథ రాశాం. అది చదివి మైసూరు అత్తయ్య ఫోన్ చేసి, "అన్నీ రాశారు గానీ ట్రాక్టరు సంగతి రాయలేదేంరా?" అని అడిగింది. నిజమే. మా ఇంట్లో పెళ్ళిళ్ళ తేదీలు మరిచిపోయినవాళ్ళు ఉన్నారు గానీ, ట్రాక్టరు ఇంటికి వచ్చిన రోజు మరిచిపోయినవాళ్ళు లేరు. పైగా ఇప్పుడు మళ్ళీ ఒకటి కొనాల్సి వచ్చింది. ఈసారి యానాంలో, అదీ చిన్నది. ఏ కంపెనీది కొనాలి, ఏ డీలరు దగ్గర కొనాలి అని ఆరు నెలలు తర్జనభర్జన పడ్డాం. ఆ వెతుకులాటలో పాత రెండు ట్రాక్టర్ల కథ కూడా బయటికొచ్చింది. అందుకే మూడూ కలిపి రాస్తున్నాం.

ముందే ఒక మాట. మేము క్యాంపు బళ్ళో కన్నడ మీడియంలో చదివినవాళ్ళం. తెలుగు రాయడం మామ్మ పలక మీద నేర్పింది. ఎక్కడైనా కన్నడ వాసన తగిలితే సర్దుకోండి. ట్రాక్టరు విషయంలో ఆ ఇబ్బంది తక్కువే లెండి, క్లచ్చు రెండు భాషల్లోనూ క్లచ్చే.

తుంగభద్ర కాలువల్లోకి 1953లో నీళ్ళు వదిలారు. ఎడమగట్టు కాలువ కింద గంగావతి, కారటగి, సింధనూరు వైపు అంతా నల్లరేగడి. కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల మనవాళ్ళు అక్కడ ఉన్న కొద్దిపాటి అమ్మి ఇక్కడ అంతకు రెండు మూడింతలు కొని, పొలాల మధ్యే ఇళ్ళు వేసుకున్నారు. వాటికే క్యాంపులని పేరు పడింది. తాతయ్య 1958లో కారటగి దగ్గరికి వచ్చారు. అప్పటికి యానాంలో ఫ్రెంచి పాలన పోయి నాలుగేళ్ళు: 1954 జూన్ 13న ఊరు వాళ్ళ చేతిలోంచి జారింది, నవంబరు 1న పాలన మన దేశానికి వచ్చింది, ఒప్పందం పూర్తిగా ఖాయమైంది మాత్రం 1962 ఆగస్టు 16న. తాతయ్య అన్నీ అమ్ముకుని వచ్చారు గానీ గౌతమి అవతలి ఒడ్డున ఎదుర్లంక వైపు ఉన్న రెండెకరాల కొబ్బరి తోట మాత్రం అమ్మలేదు. తర్వాత రోజుల్లో మా బాబాయి యానాం సంబంధం చేసుకుని అక్కడే ఉండిపోయి, ఆ తోట చూసుకుంటున్నాడు. ఆ తోట ఈ కథకు ముఖ్యం, గుర్తుపెట్టుకోండి.

ఇక మొదటి ట్రాక్టరు. నల్లరేగడిలో వరికి దమ్ము చేయడమంటే ఎడ్లకు చావే. మోకాళ్ళ దాకా దిగిపోయేవట. ట్రాక్టరు కావాలని అందరికీ తెలుసు, దొరకడమే కష్టం. మన దేశంలో ట్రాక్టరు తయారవడమే 1959లో మొదలైంది. జర్మనీ ఐషర్ కంపెనీ సహకారంతో ఫరీదాబాద్‌లో మొదటిది బయటికొచ్చింది. 1960లో మద్రాసులో టాఫే పుట్టింది. 1963లో మహీంద్రా, వోల్టాస్, అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కలిసి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ పెట్టాయి. 1971లో పింజోర్‌లో హెచ్ఎంటీ వాళ్ళు జెటార్ నమూనాతో మొదలుపెట్టారు. 1974లో స్వరాజ్ వచ్చింది. దాని డిజైను దుర్గాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇంజినీర్లు గీసింది, పరాయి దేశపు నమూనా కాదు. ఇన్ని వచ్చినా బండ్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. 1971లో ప్రభుత్వం ట్రాక్టర్ల పంపిణీ, అమ్మకాల మీద నియంత్రణ ఉత్తర్వు కూడా తెచ్చింది. డబ్బు కట్టి, పేరు రాయించుకుని, వరుసలో నిలబడాలి. నాన్నగారు చెప్పే లెక్క ప్రకారం తాతయ్య రెండేళ్ళు ఎదురుచూశారు.

ఇప్పుడు ఇరవై ఐదు హెచ్.పి. ట్రాక్టరును మినీ అంటున్నాం గానీ ఆ రోజుల్లో అది మామూలు బండే. హెచ్ఎంటీ 2511 అంటే 25 హెచ్.పి. స్వరాజ్ 724 కూడా ఆ దగ్గరిదే. తాతయ్య ముందు రెండు పేర్లు ఉన్నాయి: ఈ హెచ్ఎంటీ ఒకటి, 35 హెచ్.పి. ఇంటర్నేషనల్ బి-275 ఒకటి. మనసు హెచ్ఎంటీ మీదే. వాచీ కూడా అదే కంపెనీది కట్టుకునేవారు మరి. చివరికి కొన్నది మాత్రం బి-275. ఎందుకని నాన్నగారు అడిగితే తాతయ్య చెప్పిన జవాబు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"క్యాంపులో రెండు బి-275లు ఉన్నాయి. ఆటిని విప్పి బిగించే మనిషి ఉన్నాడు. కొత్త రకం తెస్తే ఆడు మళ్ళీ నేర్చుకోవాలి. మన బండి మీదే నేర్చుకుంటాడు."

ఆ బి-275 ఇరవై ఐదేళ్ళు నడిచింది. మేము దాని మడ్‌గార్డు మీద కూర్చుని బడికి వెళ్ళాం. టీచరు "నిమ్మ తందె ఏను మాడ్తారె" అని అడిగితే "ఒక్కలుతన" అని జవాబు చెప్పి, ఆ వెంటనే "నమ్మదు ట్రాక్టర్ ఇదె సార్" అని అడక్కుండానే చెప్పేవాళ్ళం. పక్కింటివాళ్ళ బండి ఫ్యాను బెల్టు మా బండికి, మా ఫిల్టరు వాళ్ళ బండికి వెళ్ళిన రోజులు లెక్కలేనన్ని. క్యాంపు మొత్తానికి కలిపి ఒక విడిభాగాల కొట్టు ఉన్నట్టే. సింధనూరులో ఇప్పుడు రోడ్డు పొడుగునా ట్రాక్టరు షాపులే. ఆసియాలోనే ఎక్కువ ట్రాక్టర్లు అమ్ముడుపోయే ఊరని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఎవరు లెక్కపెట్టారో గానీ, బోల్టు పోయిన అరగంటకి బోల్టు దొరికే ఊరు మాత్రం అదే.

రెండో ట్రాక్టరు కథ యానాంలో జరిగింది. అది చెప్పుకోవడం మా బాబాయికి ఇష్టం లేదు. అయినా ఒప్పుకున్నాడు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను సంగతి గోదావరి మూలాలున్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. యానాం, కాకినాడ, కోనసీమ మొత్తం దాని దారిలోనే. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు లక్షల్లో నేలకూలాయి. మా రెండెకరాల్లో తెల్లారేసరికి నిలబడి ఉన్నవి పదకొండు చెట్లు. పాత చెట్లు తీసేసి కొత్త మొక్కలు నాటారు. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు. అప్పటిదాకా వరుసల మధ్య ఎండ బాగా పడుతుంది, అరటో కందో కూరగాయలో వేసుకోవాలి, లేకపోతే తిండి లేదు. దున్నడానికి ఎడ్లు లేవు, తుఫానులోనే పోయాయి. బాడుగ ట్రాక్టరు యానాం వైపు నుంచి రావాలంటే గౌతమి దాటాలి. వంతెన లేదు అప్పటికి. పంటు మీద ఎక్కించి దాటించాలి. ఒక పూట పనికి బండిని పంటు ఎక్కించి తెచ్చేవాడెవడు? కోనసీమ లోపలి బండ్లకేమో క్షణం తీరిక లేదు, అందరి తోటలదీ అదే గతి.

అందుకని 1998లో బాబాయి ఒక చిన్న ట్రాక్టరు కొన్నాడు. ఏ కంపెనీదో, ఎవరు అమ్మారో రాయం. కొత్తగా తెరిచిన షాపు, పూలదండలు వేసి, కొబ్బరికాయ కొట్టి, ఫోటో తీసి మరీ ఇచ్చారు. బండి మంచిదే, ఇప్పటికీ బాబాయి ఆ మాటే అంటాడు. రెండో ఏడు అరటి వేసే సమయానికి క్లచ్ ప్లేటు పోయింది. షాపుకు వెళ్తే షట్టరు వేసి ఉంది. ఎత్తేశారట. పక్క జిల్లా డీలరు "మా దగ్గర కొన్న బండి కాదు" అన్నాడు. ప్లేటు రావడానికి నలభై రోజులు పట్టింది. ఈలోగా అరటి పిలకలు గట్టు మీదే ఎండాయి. బాబాయి ఆ ఏడు కౌలుకు తీసుకున్న ఎకరంన్నర కూడా వదులుకున్నాడు. తర్వాత అదే బండి ఇంకో రెండుసార్లు అలాగే ఆగింది. చివరికి పాత ఇనుము వాడికి తూకానికి వేశారు. పిన్ని గాజులు అమ్మి కట్టిన మొదటి వాయిదా డబ్బు అందులోనే పోయింది.

మాకు ఇక్కడ నాన్నగారు ఉత్తరంలో రాసినంతే తెలుసు. క్యాంపులో కూర్చుని "మంచి కంపెనీ చూసి కొనుక్కోవాల్సింది" అని అందరూ అనేశారు. తాతయ్య ఒక్కరే అనలేదు. "ఆళ్ళ ఊళ్ళో ఇప్పే మనిషి ఉన్నాడా?" అని మాత్రం అడిగారట.

ఎదుర్లంకకు వంతెన 2002లో వచ్చింది. బాలయోగి గారి పేరు పెట్టారు. యానాం నుంచి అమలాపురం వైపు బండి వెళ్ళడం అప్పటి నుంచే తేలికైంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు కూలీల ఖర్చు, మురుగునీరు పోక మునిగే చేలు, గిట్టని ధర అన్నీ పేపర్లలో వచ్చాయి. మేము అప్పుడే బెంగళూరులో కొత్తగా ఉద్యోగాల్లో చేరాం. ఆఫీసు క్యాంటీన్లో ఆ వార్త చదివి, "మన తోట పరిస్థితి ఏమిటో" అనుకుని, మళ్ళీ పనిలో పడిపోయాం. సిగ్గుపడాల్సిన మాటే.

మొన్న సంక్రాంతికి యానాం వెళ్ళినప్పుడు సంగతి తెలిసింది. తోటకు రెండు పక్కలా రొయ్యల చెరువులు వచ్చేశాయి. మా తోట కూడా చెరువుకిమ్మని అడుగుతున్నారు. ఏడాదికి ఇంతని చేతిలో పోస్తారు, ఏ పనీ ఉండదు. ఒకసారి ఉప్పునీరు నిలబెట్టాక ఆ నేలలో మళ్ళీ కొబ్బరి లేస్తుందనే నమ్మకం ఎవరికీ లేదు. బాబాయికి అరవై ఎనిమిదేళ్ళు. "నేను దున్నించలేనర్రా. కూలీలు దొరకట్లేదు, బాడుగ బండి మన వంతుకి వచ్చేసరికి పదును పోతోంది. మీరు చూసుకుంటారా, ఇచ్చేయమంటారా?" అని అడిగాడు. తోట ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది. వారసులు నలుగురు: నాన్నగారు, బాబాయి, ఇద్దరు అత్తయ్యలు. చెరువుకిచ్చేద్దామని ఒక అత్తయ్య, వద్దని ఒక అత్తయ్య. ఎవరు ఎటో రాస్తే మళ్ళీ ఫోన్లు వస్తాయి. మొత్తానికి మూడేళ్ళు చూద్దామని, తలా కొంత వేసుకుని ఒక చిన్న ట్రాక్టరు కొందామని తేలింది.

కొబ్బరి చెట్ల మధ్య పాతిక అడుగుల దూరం ఉంటుంది కదా, మామూలు ట్రాక్టరు పట్టదా అని మీరు అడగొచ్చు. మేమూ అడిగాం. చెట్ల మధ్య ఖాళీ ఉంటే పడుతుంది. ఖాళీ ఎవరు ఉంచుతారు? అరటి ఉంటుంది, కోకో ఉంటుంది, కోకో కొమ్మలు ఛాతీ ఎత్తుకు వంగి ఉంటాయి. తోటలోకి వెళ్ళే దారి పంటబోదె మీద వేసిన తూము పలక, దాని మీద రెండు టన్నుల బండి ఎక్కితే పలక కిందికి, బండి బోదెలోకి. చిన్న ట్రాక్టరు నాలుగడుగుల లోపు వెడల్పు, ఏడెనిమిది వందల కిలోల బరువు. అప్పటి హెచ్ఎంటీకి ఉన్న హెచ్.పి.యే దాదాపు, బరువు మాత్రం సగానికి సగం.

ఈ సైజు బండికి పుట్టిల్లు జపాన్. వాళ్ళవీ మనలాగే చిన్న చిన్న వరి మళ్ళు. 1890లో ఒసాకాలో పోతపని కార్ఖానాగా మొదలైన కుబోటా 1960లో తమ దేశపు చిన్న కమతాలకు సరిపడే ట్రాక్టరు తెచ్చింది. మన దగ్గర బెంగళూరు వీఎస్‌టీ వాళ్ళు 1967లో మిత్సుబిషి సహకారంతో పవర్ టిల్లర్లు మొదలుపెట్టారు, తర్వాత చిన్న ట్రాక్టర్లు కూడా. వైట్‌ఫీల్డ్ రోడ్డులో మహదేవపుర దగ్గర వాళ్ళ చోటు. మేము పదేళ్ళుగా ఆఫీసు బస్సులో ట్రాఫిక్‌లో ఇరుక్కునేది సరిగ్గా ఆ రోడ్డులోనే. ఆ బోర్డు చూసి మా తోటకి పనికొచ్చే బండి ఇక్కడిదని ఒక్కరోజూ తట్టలేదు! 2008లో కుబోటా నేరుగా మన దేశంలో కంపెనీ పెట్టింది. మహీంద్రా 15 హెచ్.పి. యువరాజ్, తర్వాత జీవో తెచ్చింది. రాజ్‌కోట్ వైపు కెప్టెన్ లాంటి కంపెనీలు ఉన్నాయి. 1998లో బాబాయికి ఇన్ని లేవు.

మా వృత్తి సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ప్రకటన కన్నా టెస్ట్ రిపోర్టు చదవడం అలవాటు. మధ్యప్రదేశ్‌లో నర్మద దగ్గర బుద్నీలో 1955 నుంచి ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ట్రాక్టర్లను పరీక్షించి రిపోర్టులు రాస్తుంది. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దాని తమ్ముడి లాంటి సంస్థ ఉంది. ఆ రిపోర్టులు నెట్‌లో ఎవరైనా చదవొచ్చు. మాకు వాటిలో బాగా నచ్చింది ఏమిటంటే, బానెట్ మీద రాసిన హెచ్.పి.ని నమ్మరు. వెనక పీటీవో దగ్గర ఎంత వస్తోందో కొలుస్తారు, మామూలు వాతావరణంలో ఒకసారి, వేడిలో ఒకసారి. రోటవేటర్‌ను తిప్పేది ఈ పీటీవో శక్తే కాబట్టి చూడాల్సింది ఈ అంకె. తర్వాత దమ్ములో నడిపి, లోపలికి బురదనీరు దిగిందా అని విప్పి చూస్తారు. ఏయే భాగం ఎంత అరిగిందో కొలిచి రాస్తారు. చివర్లో లోపాలు, సూచనలు. అచ్చం మేము రాసే బగ్ రిపోర్టే. నాలుగు మోడళ్ళ రిపోర్టులు రెండు వారాలు కూర్చుని చదివి, నలభై వరుసల పట్టిక తయారుచేసి బాబాయికి పంపాం. అందులో మా మనసుకు నచ్చింది మూడు సిలిండర్ల, 18.5 హెచ్.పి. వీఎస్‌టీ. మన బెంగళూరు బండి అన్న అభిమానం కూడా ఉందని ఒప్పుకోవాలి.

బాబాయి పట్టిక చూసి, "బాగా రాశార్రా. డీలరు వరస ఏదీ ఇందులో?" అన్నాడు.

నిజంగానే లేదు. నలభై వరుసల్లో ఒక్కటీ లేదు.

అప్పుడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. యానాం నుంచి కాకినాడ సుమారు ముప్పై కిలోమీటర్లు, రెండో వైపు వంతెన దాటితే అమలాపురం. ఈ రెండు వైపులా ఉన్న డీలర్ల దగ్గరికి వారం రోజులు సెలవు పెట్టి తిరిగాం. షోరూములో కూర్చోలేదు, వెనక వర్క్‌షాపు చూపించమన్నాం. ఒకచోట వర్క్‌షాపు అంటే రేకుల షెడ్డు, అందులో మోటారు సైకిళ్ళు ఉన్నాయి. ఒకచోట సేల్స్ అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు, క్లచ్ ప్లేటు, డీజిల్ ఫిల్టరు, వాటర్ పంపు సీలు, ఈ మూడూ ఇప్పుడు కౌంటరు మీద పెట్టండి, ధర ఎంతో చెప్పండి అంటే కంగారుపడ్డాడు. "ఆర్డరు పెడితే నాలుగు రోజుల్లో వచ్చేస్తాయండీ" అన్నాడు. నాలుగు రోజులు అన్న మాట వినగానే బాబాయి లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇంకోచోట శనివారం సాయంత్రం సర్వీసు నంబరుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, సోమవారం మధ్యాహ్నం వాళ్ళే చేశారు. సీజనులో శనివారం సాయంత్రం బండి ఆగితే సోమవారం దాకా పదును ఆగుతుందా?

ఇలా తిరుగుతుండగా ఎదుర్లంక దాటాక రోడ్డు పక్కన ఒక మెకానిక్ కనిపించాడు. కుబోటా వరి కోత యంత్రాలు, నాటు యంత్రాలు బాగుచేసే మనిషి. డీలరు పిలిస్తే కంపెనీ పని, లేకపోతే సొంత పని. "చిన్న ట్రాక్టరు కూడా చూస్తావా బాబూ?" అని బాబాయి అడిగితే, "ఆయ్, చూస్తానండి. ఈ చుట్టుపక్కల మూడున్నాయండి, మూడూ నా చేతి మీదే తిరుగుతున్నాయండి" అన్నాడు. ఆ మూడు బండ్ల యజమానుల తోటలకూ వెళ్ళాం. ఒకాయన తిట్టాడు, డీజిల్ తాగుతోందని. తిట్టినా బండి ఆగిందని మాత్రం అనలేదు. అమలాపురం వైపు డీలరు దగ్గర ఆ మూడు విడిభాగాలూ కౌంటరు మీదికి వచ్చాయి, ధర కాగితం మీద రాసిచ్చాడు. బండిని మా తోటకే తెచ్చి చూపించమంటే తెచ్చాడు. తూము పలక మీద ఎక్కించి, కోకో వరసలోంచి నడిపించి, చివర మడత తిప్పించాం. ఒక కోకో కొమ్మ విరిగింది, అది పిన్ని ఇంకా మరిచిపోలేదు.

కుబోటా బి2441 అని తేలింది. మూడు సిలిండర్లు, 24 హెచ్.పి., నాలుగు చక్రాలకూ పుల్లింగు. మా పట్టికలో అది రెండో స్థానంలో ఉంది. మొదటిది వదులుకోవడానికి మాకు మూడు రోజులు పట్టింది. అంకెల ప్రకారం మాదే సరైనదని ఫోన్లో వాదించాం కూడా. నాన్నగారు కారటగి నుంచి లైన్లోకి వచ్చి తాతయ్య మాట గుర్తుచేశారు. "ఆడు మన బండి మీదే నేర్చుకుంటాడు" అన్న మాట. ఇంక మేమేం మాట్లాడతాం?

సబ్సిడీ జోలికి వెళ్ళలేదు. బాబాయి ఇల్లు పుదుచ్చేరి ప్రభుత్వం కింద, తోట ఆంధ్రప్రదేశ్ కింద, పట్టా పోయిన మనిషి పేరు మీద. ముందు ఆ పేరు మార్పించాలి, అది వేరే కథ. కానీ ఒక మంచి జరిగింది. బేరం సాగుతుండగానే 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తేదీ దాకా ఆగాం. ముప్పై వేల పైన మిగిలింది, ఆ డబ్బు రోటవేటర్‌లోకి పోయింది. కొనేటప్పుడు ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బిల్లుతో సరిచూసుకున్నాం, తయారైన నెల చూశాం, గంటల మీటరు చూశాం. కొత్త బండని చెప్పి డెమోకి తిప్పింది అంటగట్టకుండా చూసుకోవడం మీకూ అవసరమే.

బండికి యానాం రిజిస్ట్రేషన్, పీవై 04. బాబాయి దానిని వంతెన మీదుగా తానే నడుపుకుంటూ తీసుకెళ్ళాడు. మేము వెనక కారులో. వంతెన మధ్యలో ఆపి, కింద పాత పంటు రేవు వైపు కాసేపు చూసి, మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఎందుకు ఆపావని అడిగితే, గేరు చూసుకున్నానన్నాడు.

రెండెకరాలు దున్నడం అయింది. కంద నాటారు. పక్క తోటవాళ్ళిద్దరు బాడుగకు అడుగుతున్నారట. గంటకు ఎంత తీసుకోవాలో అత్తయ్యలు ఇంకా తేల్చలేదు. మొదటి సర్వీసు యాభై గంటలకు. నిన్న బాబాయి పంపిన ఫోటోలో మీటరు 41 దగ్గర ఉంది.